తిరిగొచ్చేవాడి కోసం కాస్త తలుపు తీసి ఉంచండి

ఆ మధ్య ఒక శనివారం పొద్దున్న మ్యాచ్ అయిపోయాక ఎవరూ కాల్ కట్ చెయ్యకుండా ఊరికే మాట్లాడుకుంటుంటే మావాడొకడు ఒక ప్రశ్న వేశాడు. "రేయ్, ఈ ముసలి గేమ్‌కి ఒక్కటంటే ఒక్క మార్పు చేసే చాన్స్ నీకే ఇచ్చారనుకో, ఏం చేస్తావ్? రెండోది అడగొద్దు." గేమ్ అంటే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2, ఊరు కట్టి సైన్యం పెంచి ఎదుటివాడి ఊరు పడగొట్టే కంప్యూటర్ గేమ్. 1999లో వచ్చింది, మేం ఇంజినీరింగ్ హాస్టల్లో మొదలెట్టాం, ఇప్పుడు మాలో ఇద్దరికి రీడింగ్ గ్లాసులు వచ్చేశాయి, అయినా ఆడుతూనే ఉన్నాం. ఐదుగురం ఐదు చెప్పాం. డల్లాస్‌లో ఉన్నోడు మ్యాప్ హ్యాక్‌లు, అంటే దొంగతనంగా మ్యాప్ మొత్తం చూసే చీటింగ్, ఆపాలన్నాడు. మెల్‌బోర్న్ వాడు కొత్త సివిలైజేషన్లు (ఆడటానికి ఎంచుకునే జాతులు, మేం సివ్‌లు అంటాం) ఇంక చాలు ఆపండ్రా బాబూ అన్నాడు. నిజామాబాద్ వాడేమో దానికి పూర్తి రివర్స్, కాకతీయులు వచ్చేదాకా ఆపడానికి వీల్లేదన్నాడు. ప్రశ్న వేసినవాడు గ్రాఫిక్స్ అన్నాడు, వాణ్ని అందరం కలిసి తిట్టాం. నేనేదో నోటికొచ్చింది చెప్పి తప్పించుకున్నా.

తప్పించుకున్నా గానీ ఆ ప్రశ్న వదల్లేదు. వారమంతా మెట్రోలో ఆఫీసుకి పోతూ వస్తూ అదే ఆలోచన. నాకు ఒక అభిప్రాయం కుదిరింది, అది మా ఐదుగురిలో ఎవ్వరం చెప్పనిది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా. ముందే చెప్తున్నా, నేను మంచి ఆటగాణ్ని కాదు. గెలుపోటముల్ని బట్టి గేమ్ ఇచ్చే నా రేటింగ్ 1100 దగ్గర ఏళ్లుగా ఊగిసలాడుతోంది. మా ఆవిడ దీన్ని "గొర్రెల ఆట" అంటుంది, ఎప్పుడు ఇటు తొంగి చూసినా నేను మొదటి రెండు నిమిషాల్లో తిండి కోసం గొర్రెల్ని వెతుక్కుంటూనే కనిపిస్తానట, ఎందుకంటే ఆ తర్వాత తను చూసేంత సేపు నేను బతికుండను.

మిల్లులో క్యూ

2000లో కాంకరర్స్ అని ఈ గేమ్‌కి ఎక్స్‌పాన్షన్ (అదనపు భాగం) వచ్చింది కదా, అందులో ఐదు కొత్త సివ్‌లు. ఆ ఐదూ చెప్పమంటే మావాళ్లు హూణులు, అజ్టెక్‌లు, మాయన్లు దాకా గడగడా చెప్పి అక్కడ ఆగుతారు. స్పానిష్, కొరియన్లు గుర్తు రావడానికి టైమ్ పడుతుంది. కానీ అదే ఎక్స్‌పాన్షన్‌లో మిల్లు దగ్గర పొలాలు ముందే క్యూలో పెట్టుకునే సౌకర్యం వచ్చింది చూడండి, అది మర్చిపోయినవాడు ఒక్కడూ లేడు. అంతకుముందు పొలం అయిపోతే ఆ రైతు అక్కడే చేతులు కట్టుకుని నిలబడిపోయేవాడు, మనం ముందర ఎక్కడో కోట దగ్గర కొట్టుకుంటుంటే వెనకాల ఒకదాని తర్వాత ఒకటి పొలాలు బీడు పడిపోయేవి, చూసుకునేసరికి తిండి సున్నా. లంబర్ క్యాంప్ (చెక్క చేర్చే చోటు) కట్టిన విలేజర్ (ఊళ్లో పనులు చేసేవాడు) కట్టడం అవగానే తనంతట తాను చెట్టు కొట్టడం మొదలెట్టడం కూడా అప్పుడే వచ్చింది. వీటిని అట్ట మీద బొమ్మేసి అమ్మలేం. కానీ ఆట మారింది వాటితోనే.

2019లో ఇదే గేమ్‌ని కొత్తగా తయారుచేసి డెఫినిటివ్ ఎడిషన్ అని తెచ్చారు, దాంతో ఆ క్యూ అవసరం కూడా పోయింది, ఒక బటన్ నొక్కి వదిలేస్తే చెక్క ఉన్నంత కాలం పొలాలు వాటంతటవే పడతాయి. అప్పుడు పాతవాళ్లు కొందరు గోల పెట్టారు, పొలాల మీద కన్నేసి ఉంచడం కూడా ఆటలో భాగమే, దాన్ని తీసేస్తే రానివాడికి వచ్చినవాడికి తేడా ఏముంది అని. మా నాన్న నిమ్మతోటకి డ్రిప్ వేయించినప్పుడు మా తాత అచ్చం ఇదే అన్నాడు, "నీళ్లు కట్టడం రానోడు రైతేంట్రా" అని. తాత మాట పూర్తిగా తప్పని నేను ఇప్పటికీ అనను. ఏ మడికి ఎన్ని నీళ్లు కావాలో పాదంతో తెలుసుకునే మనిషి ఆయన. కాకపోతే అరవై దాటాక ఆ పాదంతో రాత్రి రెండింటికి కరెంటొచ్చినప్పుడు తోటలోకి వెళ్లగలడా అన్నది ఇంకో ప్రశ్న. ఈ ఆట ఆడేవాళ్లకీ ఇప్పుడు అదే వయసు వస్తోంది, అరవై కాదనుకోండి, కానీ పిల్లాడు ఏడిస్తే మధ్యలో లేచెళ్లాల్సిన వయసు.

13 నుంచి 50

నా అసలు పాయింట్ ఇక్కడ మొదలవుతుంది. 1999లో 13 సివ్‌లు, కాంకరర్స్‌తో 18, 2019 నవంబర్‌లో డెఫినిటివ్ ఎడిషన్ వచ్చేసరికి 35, 2025 మేలో త్రీ కింగ్‌డమ్స్ అనే డీఎల్‌సీ (విడిగా అమ్మే అదనపు ప్యాక్) వచ్చాక 50. మెట్రోలో కూర్చుని లెక్కేశా. ఎవరి మీద ఎవరు అన్న జోడీలు, ఒకే సివ్ ఇద్దరూ తీసుకోవడం కూడా కలుపుకుంటే, 13 ఉన్నప్పుడు 91. 50 ఉంటే 1275. వీటన్నిటినీ బ్యాలెన్స్ చేసే బాధ చేసేవాళ్లది, పాపం పడతారు. నేను ఆలోచించేది మూడేళ్లు ఆడకుండా ఉండి ఒక ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ తిన్నాక "ఒక్క గేమ్ ఆడదాం" అనిపించి మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకునేవాడి గురించి.

మా సర్కిల్‌లో చూసినంతవరకు ఇంత పాత ఆటకి కొత్తగా వచ్చేవాడికంటే తిరిగొచ్చేవాడే ఎక్కువ. మా గ్రూపులో మొత్తం పదకొండు మందిమి. ఎప్పుడు చూసినా ఆడేది ఐదారుగురే, కానీ ఆ ఐదారుగురు ఎప్పుడూ ఒకళ్లే కాదు. పెళ్లయిందని ఒకడు పోతాడు, ప్రాజెక్ట్ అయిపోయిందని ఇంకొకడు వస్తాడు. ఇల్లు కట్టుకుంటున్నానని ఏడాదిన్నర మాయమైనవాడు గృహప్రవేశం అయిన మర్నాడే లాబీలో, అంటే మ్యాచ్ ముందు అందరం చేరే చోట, కనిపించాడు. బస్టాండులో జనం లాగ, మనుషులు మారుతుంటారు, రద్దీ అలాగే ఉంటుంది. అందుకే ఏ మార్పునైనా నేను ఇప్పుడు ఒక్క ప్రశ్నతో చూస్తున్నా: వెళ్లిపోయినవాడు తిరిగి రావడానికి ఇది సాయం చేస్తుందా, అడ్డం పడుతుందా?

త్రీ కింగ్‌డమ్స్ మీద పెద్ద గొడవే అయింది, మూడో శతాబ్దపు చైనా రాజ్యాలు షు, వెయ్, వులని మధ్యయుగం ఆటలో ర్యాంక్డ్‌లోకి (రేటింగ్ లెక్కపెట్టే మ్యాచ్‌ల్లోకి) దింపారని, పైగా వాటికి కోటలో హీరోల్ని తయారుచేసుకునే వీలిచ్చారని. చరిత్ర విషయంలో నాకేం బాధ లేదు, అజ్టెక్‌లు పోయి కొరియన్ల ఊళ్లు తగలబెట్టే ఆటలో శతాబ్దాల గురించి పట్టుబట్టడం నాకు కొంచెం నవ్వొస్తుంది. నా బాధ వేరే. ఈ ఆట గొప్పదనం ఏంటంటే ఒక సివ్ నేర్చుకుంటే మిగతావి ముప్పావు వంతు వచ్చేసినట్టే. అదే నైటు (గుర్రం మీద యోధుడు), అదే విలుకాడు, అదే ఈటె, ఏదో ఒకటి కాస్త చవక, ఇంకోటి కాస్త వేగం. ఎదుటివాడి గుర్రాలు కనిపిస్తే ఈటెలు తియ్యాలి అన్నది 1999లోనూ అంతే, ఇప్పుడూ అంతే. ఐదేళ్ల తర్వాత వచ్చినా ఆ అక్షరాలతో చదువుకోవచ్చు. లిపిలో కొత్త అక్షరాలు చేరుస్తూ పోతే పాతవాడికి తన ఊళ్లోనే బోర్డులు చదవడం రాదు.

అయితే నా వాదనకి నేనే అడ్డం చెప్పుకోవాలి, ఎందుకంటే 2022 ఏప్రిల్‌లో డైనస్టీస్ ఆఫ్ ఇండియా వచ్చినప్పుడు జరిగింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. అప్పటిదాకా ఇండియన్స్ అని ఒకే ముద్ద ఉండేది, దాన్ని విడగొట్టి హిందుస్తానీలు, గుర్జరులు, బెంగాలీలు, ద్రావిడులు అని నాలుగు చేశారు. మా గ్రూపు పండగ చేసుకుంది. ద్రావిడుల విలేజర్లు తమిళం మాట్లాడితే మావాళ్లు కాసేపు మురిసిపోయి కాసేపు అలిగారు. వాళ్లకి ఊట్జ్ స్టీల్ అని ఒక టెక్నాలజీ ఉంది, అది తీసుకుంటే కాల్బలం, గుర్రాలు కొట్టే దెబ్బ ముందు ఎదుటివాడి కవచం లేనట్టే. ఆ ఉక్కు తీసిన ఊళ్లలో పేరున్నది నిజామాబాద్ జిల్లా కోనసముద్రం. మా నిజామాబాద్ వాడు ఆ ఉక్కు పేరు స్క్రీన్ మీద చూసి రెండు నెలలు ఇంకో సివ్ ముట్టుకోలేదు. ద్రావిడులకి నైట్లు లేవు, గుర్రాల మీద ఆడే అలవాటున్న వీడు వరసగా ఓడిపోయాడు, అయినా "మా ఊరి ఉక్కురా" అంటూ అదే పట్టుకుని కూర్చున్నాడు. ఏళ్ల తరబడి కనిపించని ఇద్దరు ఆ వారమే తిరిగొచ్చారు. అంటే కొత్త కంటెంట్ మనిషిని వెనక్కి పిలవగలదు, ఒప్పుకుంటా. కానీ ఆ ఇద్దరూ మూడో వారానికి మళ్లీ లేరు. ఒకడికి పాప పుట్టింది, దానికి ఏ ఆటా ఏం చెయ్యలేదు. రెండోవాడి సంగతి తర్వాత చెప్తా.

చేతులకి గుర్తుండేది

2019లో నేనూ తిరిగొచ్చినవాడినే. కూర్చోగానే నా వేళ్లు వాటంతటవే హెచ్ నొక్కి, సి నొక్కాయి. హెచ్ అంటే విలేజర్లు తయారయ్యే టౌన్ సెంటర్, సి అంటే విలేజర్, హాస్టల్లో కొన్ని వేల సార్లు నొక్కిన కీలు. విలేజర్ రాలేదు. కొత్త ఎడిషన్‌లో అది క్యూ అయింది. ఒక్క అరనిమిషం ఎంత పరాయితనంగా అనిపించిందో చెప్పలేను, పాత ఇంటికి వెళ్తే స్విచ్ బోర్డు జాగా మార్చేసినట్టు. తర్వాత ఆప్షన్స్‌లో చూస్తే పాత కీల సెట్ కూడా అక్కడే ఉంది, ఎంచుకుంటే చాలు. అలా పెట్టాలని అనుకున్న మనిషెవరో నాకు తెలీదు గానీ, నేనా రాత్రి అన్‌ఇన్‌స్టాల్ చెయ్యకపోవడానికి కారణం ఫోర్‌కే గ్రాఫిక్స్ కాదు, ఆ ఆప్షనే.

ఈ సిరీస్‌కి నెట్‌వర్క్ భాగం మీద పనిచేసిన పాల్ బెట్నర్, మార్క్ టెరానో 2001లో దాని గురించి వివరంగా రాశారు. అందులో ఒక మాట నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. మనం క్లిక్ చేశాక సైనికుడు కదలడానికి 250 మిల్లీసెకన్లు పట్టినా ఆడేవాళ్లకి తెలియనే తెలియదట, 500 దాకా కూడా హాయిగా ఆడేస్తారట. చిరాకు పుట్టించేది ఆలస్యం కాదు, ఒకసారి తొందరగా ఒకసారి నెమ్మదిగా రావడం. నెమ్మదిగానే వచ్చినా ప్రతిసారీ ఒకేలా వస్తే మనిషి దానికి లయ కుదుర్చుకుంటాడు. ఇది చదివాక నాకు ఆటలకంటే ముందు మా ఆఫీసు లిఫ్ట్ గుర్తొచ్చింది, అది వేరే కథ.

పాత్‌ఫైండింగ్ (సైనికులు దారి వెతుక్కునే తీరు) గొడవని కూడా నేను ఇలాగే అర్థం చేసుకుంటా. ఏదో ఒక అప్‌డేట్ తర్వాత గుర్రాలు సందులో గుమిగూడి ఒకటి ముందుకి ఒకటి వెనక్కి తిరుగుతున్నాయని ఆటగాళ్లు వీడియోలు పెడుతుంటారు. 1999 నాటి గుర్రాలు మాత్రం తెలివైనవా ఏంటి? అవీ అడవి చుట్టూ తిరిగి పోయి శత్రువు కోట కింద నిలబడేవి. కానీ వాటి తెలివితక్కువతనం మాకు బాగా తెలుసు, ఎక్కడ ఆగుతాయో, ఎక్కడ రెండోసారి క్లిక్ చెయ్యాలో చేతికి తెలుసు. ప్రతి మూడు నెలలకీ కొత్త రకంగా తెలివితక్కువైతేనే కష్టం. రోజూ ఆడేవాడు వారంలో సర్దుకుంటాడు, తిరిగొచ్చినవాడు మాత్రం తప్పు తనదే అనుకుంటాడు. వయసైపోయిందిరా, చేతులు మొద్దుబారాయి అనుకుని మూసేస్తాడు. నాలోనూ ఆ అనుమానం లేకపోలేదు, ఇదంతా నలభై దాటిన మనిషి సాకు కావచ్చు.

మేనల్లుడి ఒక్క మ్యాచ్

కొత్తవాళ్ల సంగతేంటి, ఎంతసేపూ పాతవాళ్ల ఏడుపేనా అంటారా. రెండేళ్ల కిందట వేసవి సెలవులకి మా అక్క కొడుకు వచ్చాడు, ఇంటర్ ఫస్టియర్ అయింది, ఫోన్‌లో షూటింగ్ గేమ్స్‌లో వాడి వేళ్లు కనిపించవు. పక్కన కూర్చోబెట్టి గొర్రెలు, పందులు, పొలాలు అన్నీ చెప్పి ర్యాంక్డ్‌లో వదిలా, అది నా తప్పే. ఇక్కడ మొదటిసారి వచ్చే ప్రతివాడికీ 1000 రేటింగ్ ఇచ్చి మొదలెడతారు. 1000 అంటే సున్నా కాదు, అక్కడ ఉండేవాళ్లు ఏళ్ల తరబడి కిందామీదా పడి అక్కడికి చేరినవాళ్లు. మావాడు ఒక్క విలేజర్‌తో అడవిపంది మీదికి వెళ్లి వాణ్ని చంపించుకున్నాడు, ఇళ్లు కట్టడం మర్చిపోయి జనాభా ఆగిపోయింది, ఈలోపు ఎదుటివాడు వచ్చి చెక్క కొట్టేవాళ్ల పక్కన టవర్ లేపాడు. వాడు హెడ్‌ఫోన్ తీసి అన్న మాట: "మామయ్యా, వాడు మన ఊళ్లోకి వచ్చేసరికి నేనింకా ఇల్లు ఎక్కడ కట్టాలా అని చూస్తున్నా."

ఇంకా తొమ్మిది ఓడిపోతే నీ లెవల్ వాళ్లు తగులుతారని చెప్తే ఏ పిల్లాడు ఉంటాడు? ఆర్ట్ ఆఫ్ వార్ అని పాఠాలు ఉన్నాయి, మెడల్స్ కూడా ఇస్తారు, అవి నిజంగా బాగా చేశారు, నేనే ఈ వయసులో రెండు గోల్డ్ కొట్టా. మావాడు పది నిమిషాలు ఆడి "స్కూల్‌లా ఉంది" అన్నాడు. కొత్తవాణ్ని మొదట్లోనే నీకు ఆట ఎంత వచ్చు అని ఒక్క ప్రశ్న అడిగి 600 దగ్గర మొదలెడితే ఏం పోయింది? పోయేది ఒకటుంది, బాగా వచ్చినవాడు కొత్త అకౌంట్ తెరిచి కింద పిల్లల్ని చితకబాదడం ఇంకా సులువవుతుంది. ఈ చిక్కుముడి విప్పడం నాకు తెలీదు.

డల్లాస్ వాడి వాదన ఏంటంటే పిల్లలు రాకపోతే మనం పోయాక ఈ ఆటా పోతుంది, కాబట్టి చెయ్యాల్సింది వాళ్ల కోసం, మన కోసం కాదు. వినడానికి బరువుగా ఉంటుంది. కానీ ఆ మేనల్లుడే మొన్న సంక్రాంతికి వచ్చి, ఇప్పుడు బీటెక్‌లో ఉన్నాడు, "మామయ్యా, ఆ గొర్రెల గేమ్ ఇంకా ఉందా, హాస్టల్లో అందరూ ఆడుతున్నారు" అన్నాడు. అంటే వాడూ తిరిగొచ్చేవాడే అయ్యాడు. వాణ్ని వెనక్కి తెచ్చింది ట్యుటోరియల్ కాదు, మమ్మల్ని తెచ్చిందే, పక్క గది.

తెగిన లైను

ఇక ఆ రెండోవాడి సంగతి. వాడు ఊళ్లోనే ఉంటాడు, తల్లిదండ్రుల్ని చూసుకోవాలని వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టించుకున్నాడు. వానొస్తే కరెంటు, కరెంటొస్తే నెట్టు, రెండూ ఒకేసారి ఉండటం అదృష్టం. ఆ మూడు వారాల్లో నాలుగు మ్యాచ్‌ల్లో ముప్పై ఐదు, నలభై నిమిషాలు గడిచాక వాడి లైను తెగింది. డోటా 2 అనే ఇంకో ఆన్‌లైన్ గేమ్‌లో అయితే తిరిగి తెరిచి రీకనెక్ట్ నొక్కితే నీ హీరో నీకు దొరుకుతాడు. ఇక్కడ మధ్యలో తెగితే ఆ మ్యాచ్‌కి నువ్వు లేనట్టే. నాలుగోసారి వాడు గ్రూపులో "నా వల్ల మీరు ఓడిపోతున్నారు, నేను మానేస్తా" అని మెసేజ్ పెట్టి మానేశాడు. కోపంతో పోయినవాణ్ని పిలవొచ్చు, సిగ్గుపడి పోయినవాణ్ని ఎలా పిలుస్తాం?

ఇది ఎందుకు కష్టమో కూడా చెప్పాలి, లేకపోతే చేతకాక వదిలేశారని అనుకుంటారు. ఈ సిరీస్‌లో మొదటి ఆట రోజుల్లో 28.8 డయలప్ మోడెం మీద, 16 ఎంబీ ర్యామ్ ఉన్న పెంటియం 90 మీద నడవాలి. వందల సైనికులు ఎక్కడున్నారో సెకనుకి పదిసార్లు పంపించడం ఆ లైను మీద అయ్యే పని కాదు. అందుకని ప్రతి కంప్యూటరూ మొత్తం యుద్ధాన్ని తనంతట తాను లెక్కకట్టుకుంటుంది, నెట్ మీద వెళ్లేది "ఈ ఐదుగురూ అటు పోండి" అన్న ఆర్డర్లు మాత్రమే. అందరి లెక్కా అక్షరం తేడా లేకుండా ఒకటే రావాలి. ఒక కంప్యూటర్‌లో ఒక జింక వెంట్రుకవాసి పక్కకి నిలబడితే, కొన్ని నిమిషాల తర్వాత ఒక విలేజర్ ఈటె గురి తప్పుతుంది, వాడు ఇంటికి మాంసం తీసుకెళ్లడు, అక్కణ్నించి రెండు కంప్యూటర్లలో రెండు వేర్వేరు ప్రపంచాలు. ఈ జింక ఉదాహరణ పైన చెప్పిన ఇంజినీర్లదే.

హాస్టల్లో మాకు ఇదంతా తెలీదు. చందాలేసుకుని ఒక స్విచ్ కొని కిటికీల్లోంచి కేబుల్ లాగి ఎనిమిది గదులు కలిపాం, వానొస్తే కిటికీ తలుపు కేబుల్ మీద పడకుండా మడతపెట్టిన రికార్డు బుక్ అడ్డం పెట్టేవాళ్లం. 204లో ఉన్నోడి కంప్యూటర్ డొక్కుది, వాడు ఏనుగుల్ని తీశాడంటే ఎనిమిది గదుల్లోనూ ఆట నత్తనడక. వాడి కంప్యూటర్ నెమ్మదైతే మాది ఎందుకు నెమ్మదవ్వాలో అర్థం కాక వాణ్ని బూతులు తిట్టేవాళ్లం. ఇప్పుడు తెలుస్తోంది, వెనకబడినవాడి కోసం అందరూ ఆగాలి, ఆ ఆట కట్టుబడే అంత. ఇప్పటి ఎడిషన్‌లో ర్యాంక్డ్‌లోకి వెళ్లాలంటే కంప్యూటర్ వేగాన్ని కొలిచే బెంచ్‌మార్క్ పరీక్ష పాసవ్వాలని 1000 స్కోరు పెట్టింది అందుకే.

కాబట్టి తెగినవాడు తిరిగి రావాలంటే మొదటి నిమిషం నుంచి అన్ని ఆర్డర్లనీ వాడి కంప్యూటర్ మళ్లీ నడిపించుకుని అందుకోవాలి. నలభై నిమిషాల ఆటని ఎనిమిది రెట్ల వేగంతో పరిగెత్తించినా ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలూ వాడి ఊరు ఎవరు చూసుకోవాలి? అందరూ ఆగాలా? ఆగితే ఓడిపోయేవాడు కావాలని వైరు పీకడా? స్నేహితుడికి కంట్రోల్ ఇస్తే? నేను టెస్టింగ్‌లో బతికేవాణ్ని, ఇలాంటి ప్రశ్నలు రాసి డెవలపర్ ముందు పెట్టడమే నా ఉద్యోగం, కాబట్టి ఇది సులువని మాత్రం అనను. కానీ మధ్యలో చూడటానికి వచ్చిన ప్రేక్షకుడు ఇప్పుడు కూడా మొదటి నుంచి పరిగెత్తించుకుని లైవ్‌ని అందుకుంటున్నాడుగా. చూసేవాడికి ఉన్న దారి ఆడేవాడికి లేదు.

ఆ శనివారం నేను చెప్పాల్సిన జవాబు ఇది. ఒక్క మార్పే అంటే, తెగినవాణ్ని మళ్లీ లోపలికి రానివ్వండి.

మరి డబ్బులెవరిస్తారు

మెల్‌బోర్న్ వాడికి ఇది చెప్తే నవ్వాడు. "రీకనెక్ట్ బటన్‌ని డీఎల్‌సీగా అమ్ముతావా?" అన్నాడు. నిజమే, బాగుచేసినదానికి ఎవరూ డబ్బులివ్వరు, కొత్తదానికే ఇస్తారు, ఆ కొత్తదాని డబ్బుల్లోంచే బాగుచేసేవాళ్ల జీతాలు. ఈ ఆట తయారుచేసిన ఎన్‌సెంబుల్ స్టూడియోస్ 2009లో మూతపడింది. ఆ తర్వాత 2013లో హెచ్‌డీ ఎడిషన్ వచ్చేదాకా ఆటని బతికించింది జీతం లేని అభిమానులు. వాళ్లు ఏం చేశారో చూస్తే నా వాదన నిలబడుతుందని లెక్కేసుకున్నా. యూజర్‌ప్యాచ్ అని చేసిన వాళ్లు వైడ్‌స్క్రీన్ సరిచేశారు, బగ్గులు తీశారు. వూబ్లీ అనే ఆన్‌లైన్ వేదికలో ల్యాడర్ (ర్యాంకుల పట్టిక) నడిచింది. బాగానే ఉంది. కానీ అదే కాలంలో ఫర్గాటెన్ ఎంపైర్స్ అని ఇంకొందరు కూర్చుని ఏకంగా ఐదు కొత్త సివ్‌లు చేశారు, పైసా రాకుండా, ఎవరూ అడగకుండా. ఇప్పుడు ఆట మీద పనిచేసేవాళ్లలో ఆ బృందం కూడా ఉంది. అంటే కొత్తది కావాలన్న ఆకలి డబ్బు కోసం పుట్టించింది మాత్రమే కాదు, ఆడేవాళ్లలోనే ఉంది. ఇక్కడ నా వాదన కుంటుతుంది, కుంటనివ్వండి.

ఒక్క విషయంలో మాత్రం ఇప్పటివాళ్లని మెచ్చుకోవాలి. డీఎల్‌సీ కొన్నవాడూ కొననివాడూ కలిసే ఆడొచ్చు, నీ దగ్గర ఆ సివ్ లేకపోయినా ఎదుటివాడు దాంతో నీ మీదికి రావచ్చు. కొనలేదని ఎవణ్నీ వేరే గదిలో కూర్చోబెట్టలేదు. మా గ్రూపులో ఒకడు 2019 తర్వాత రూపాయి పెట్టలేదు, వాడే మా అందరికంటే బాగా ఆడతాడు.

మొన్న శనివారం మళ్లీ కలిశాం. మాకు పొద్దున్న ఎనిమిది, డల్లాస్‌లో శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నర, మెల్‌బోర్న్‌లో మధ్యాహ్నం పన్నెండున్నర. ఎంతో బతిమాలితే మా ఊరివాడు కూడా వచ్చాడు, "తెగితే తిట్టొద్దు" అని ముందే మాట తీసుకుని. ముప్పై ఎనిమిదో నిమిషంలో తెగింది. ర్యాంక్డ్ కాదు, మాలో మేమే ఆడుకుంటున్నాం కాబట్టి సేవ్ చేసి లాబీ మళ్లీ తెరిచి కూర్చున్నాం. డల్లాస్ వాడు ఫ్రిజ్ దగ్గరికెళ్లాడు. నేను రెండో కాఫీ పెట్టుకుని వచ్చా. మా ఆవిడ తొంగి చూసి, "గొర్రెలు కూడా లేవేంటి ఇవాళ?" అంది. వాట్సాప్‌లో వాడి మెసేజ్, కరెంటొచ్చింది, రూటర్ లైట్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, మీరు మొదలెట్టేయండి అని. ఎవరూ మొదలెట్టలేదు. పన్నెండో నిమిషంలో లాబీలో వాడి పేరు వెలిగింది. వాడు సారీ అని టైప్ చేసేలోపే ఎవడో చాట్‌లో 14 కొట్టాడు, ఆ నంబర్ కొడితే గేమ్‌లో వినిపించే ఇరవై ఏళ్ల నాటి అదే చిరాకు గొంతు అందరి ఇళ్లలో ఒకేసారి "స్టార్ట్ ద గేమ్ ఆల్రెడీ" అని అరిచింది.